తుపాకి దించిన వేటగాడు – కెన్నెత్ ఆండర్సన్

మూడు రాష్ట్రాలు కలిసే చోట మనుషులకు సరిహద్దు రాళ్లున్నాయి గానీ, అడవికి లేవు. కుప్పం, హోసూరు, ఆనేకల్లు, కోలారు ప్రాంతాల గ్రామీణులకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. రాగి కంకులు పాలుపోసుకునే వేళ చేలో దిగిన ఏనుగుల మంద కర్ణాటకదా, తమిళనాడుదా, ఆంధ్రదా అని విచారించిన రైతు ఎన్నడూ లేడు. అది అడవి నుండి వచ్చింది, తిరిగి అడవికే పోవాలి. అంతవరకే అతని ప్రార్థన.

ఈ ఎల్లలు లేని అడవిని కాలినడకన తెలుసుకొని, అందులోని పులిని, చిరుతను, ఏనుగును, వాటి మధ్య బ్రతికే పేద పల్లెవాసులను ప్రపంచానికి పరిచయం చేసిన వ్యక్తి కెన్నెత్ ఆండర్సన్. పేరు విని పరదేశి అనుకోవడం సహజం. కాని ఆయన పుట్టింది సికింద్రాబాదులోని బొల్లారంలో, చదివిందీ నివసించిందీ కన్నుమూసిందీ బెంగళూరులో. ఆయన పుస్తకాలు తెరిస్తే చామల, మామండూరు, దిగువమెట్ట, పెద్దచెరువు వంటి తెలుగు ఊళ్ల పేర్లు పలకరిస్తాయి. గతించి అర్ధ శతాబ్దం దాటినా సరిహద్దు జిల్లాల వారు ఆయన జీవితాన్ని తెలుసుకోవలసిన అవసరం తీరలేదు. నిజానికి నేడది మరింత పెరిగింది.

బాల్యం – విద్యాభ్యాసం

కెన్నెత్ డగ్లస్ స్టూవర్ట్ ఆండర్సన్ 1910 మార్చి 8న జన్మించారు. వారిది స్కాట్లండు మూలాలు గల కుటుంబం. ఆరు తరాలుగా భారతదేశంలోనే స్థిరపడినందువలన, స్కాట్లండు వారికి పూర్వీకుల దేశమే తప్ప సొంత ఊరు కాదు. తండ్రి డగ్లస్ ఆండర్సన్ సైనికుల జీతభత్యాల లెక్కలు చూసే కార్యాలయంలో పర్యవేక్షకులుగా పనిచేసి, కెప్టెన్ అనే గౌరవ హోదా పొందారు. ఆయనకు నీటిపక్షులను, చిన్న జంతువులను వేటాడే అలవాటు ఉండేది. బాలుడైన కెన్నెత్‌కు తుపాకి పరిచయమైనది తండ్రి వలననే.

బెంగళూరులోని బిషప్ కాటన్ బాలుర పాఠశాలలోను, సెయింట్ జోసెఫ్ కళాశాలలోను ఆయన చదువు సాగింది. న్యాయశాస్త్రం అభ్యసించి గొప్పవాడు కావాలని పెద్దలు ఎడింబరోకు పంపారు. ఆ చలిదేశంలో, ఆ గ్రంథాల మధ్య ఆయన మనసు నిలువలేదు. చదువు మధ్యలోనే విడిచి తిరుగు ఓడ ఎక్కారు. లోకం దృష్టిలో అది వైఫల్యమే. కాని ఆ వైఫల్యమే లేకుంటే దక్షిణ భారత అరణ్యాలకు ఇటువంటి చరిత్రకారుడు దొరికేవాడు కాదు.

తిరిగి వచ్చిన పిదప తంతి తపాలా శాఖలో సుమారు 15 సంవత్సరాలు పనిచేశారు. అనంతరం బెంగళూరు విమాన కర్మాగారంలో ప్రణాళికా విభాగపు మేనేజరు అయ్యారు. 1929లో బ్లాసమ్ అనే యువతితో వివాహమైంది. జూన్ అనే కుమార్తె, డోనాల్డ్ అనే కుమారుడు కలిగారు. వారం పొడుగునా కార్యాలయంలో కాగితాలు చూసి, సెలవు దొరికిన మరుక్షణం పాత కారులో రైఫిలు, టీ ఫ్లాస్కు, కంబళి వేసుకొని అడవి దారి పట్టడం ఆయన జీవన క్రమం. రాజుల వలె ఏనుగుల మీద, పరివారంతో, డప్పుల మోతతో ఆయన వేటకు వెళ్లలేదు. నెల జీతంతో సంసారం ఈదే ఉద్యోగి సెలవు రోజుల్లో చేసిన సాహసాలవి.

అలనాటి బెంగళూరు

నేటి బెంగళూరును చూసినవారికి ఆనాటి నగరాన్ని ఊహించుకోవడం కష్టం. జాలహళ్లి అనగానే నేడు కర్మాగారాలు, మెట్రో రైలు స్టేషను గుర్తుకు వస్తాయి. ఆండర్సన్ యౌవనంలో అది పొదలు, రాళ్లగుట్టలు, గొర్రెల మందలు గల చిన్న పల్లె. అక్కడ గాయపడిన చిరుత ఒకటి వరుసగా మనుషులపై పడిన ఉదంతాన్ని ఆయన తన తొలి పుస్తకంలోనే వివరించారు. నగరానికి కూతవేటు దూరంలో చిరుత తిరగడం ఆనాడు వింత కాదు. వింత ఏమిటంటే, నేడు కూడా ఆ స్థితి పూర్తిగా మారలేదు. 2016 ఫిబ్రవరిలో వైట్‌ఫీల్డ్ ప్రాంతంలోని ఒక పాఠశాల ఆవరణలోకే చిరుత ప్రవేశించి కొందరిని గాయపరచింది. చిరుత నగరంలోకి వచ్చిందని పత్రికలు వ్రాశాయి. నగరమే చిరుత ఇంటిలోకి వెళ్లిందని ఆండర్సన్ కథలు చదివినవారికి అర్థమవుతుంది.

అడవిని చదివిన తీరు

ఆండర్సన్‌ను కేవలం వేటగాడు అనడం సరి కాదు. కాల్చడానికి పట్టేది క్షణకాలం. దానికి ముందు ఆయన రోజుల తరబడి, రాత్రుల తరబడి చేసిన పని చూడడం, వినడం, వేచి ఉండడం. నేడు జాతీయ ఉద్యానవనాలకు వెళ్లే యాత్రికులు నేర్చుకోవలసిన విద్య అదే.

ఆయనకు అడవి ఒక గ్రంథం. అందులో మొదటి పేజీ నేల. వేసవిలో ఎండిన ఏటి ఇసుకలోను, బండ్ల బాట దుమ్ములోను తెల్లవారకముందే అడుగుజాడలు వెదికేవారు. మగపులి పాదముద్ర చతురస్రానికి దగ్గరగా, ఆడపులి ముద్ర కాస్త పొడవుగా, కోసుగా ఉంటుంది. ముద్ర అంచులు పదునుగా ఉన్నాయా, గాలికి విరిగాయా, రాత్రి తిరిగిన పురుగుల దారి వాటిమీదుగా పోయిందా అన్నదానిని బట్టి జంతువు ఎంతసేపటి క్రితం వెళ్లిందో తెలుస్తుంది.

రెండవ పేజీ ధ్వని. చెట్టు మీది కొండముచ్చు క్రిందికి చూసి దగ్గినట్లు అరిస్తే పులియో చిరుతో కదులుతున్నదని అర్థం. చుక్కల దుప్పి తీక్షణంగా కూయడం, కణితి గంట మ్రోగినట్లు అరవడం కూడా హెచ్చరికలే. వీటిలో కణితి అరుపు ఎక్కువ నమ్మదగినది. దుప్పి చిన్న అలికిడికే బెదరుతుంది గానీ, కణితి కారణం లేనిదే నోరు విప్పదు. చిరుత పిలుపు రంపంతో కర్ర కోసినట్లు వినిపిస్తుంది. పులి పిలుపు మాత్రం లోయలన్నీ నింపి, ఏ దిక్కు నుండి వచ్చిందో తెలియనివ్వదు.

మూడవది గాలి. ఏనుగుకు చూపు తక్కువ, ఘ్రాణశక్తి అపారం. గాలి మన వైపు నుండి దాని వైపు వీస్తే ఎంత దూరాన ఉన్నా పసిగడుతుంది. ఎలుగుబంటికీ చూపు అంతంతమాత్రమే. దగ్గరకు వెళ్లేవరకు మనిషిని గుర్తించక, గుర్తించిన వెంటనే బెదిరి మీదపడుతుంది. అడవిలో తేనెకు, పండ్లకు తిరిగేవారు పులి కంటె ఎలుగుకే ఎక్కువ భయపడడానికి కారణం ఇదే.

నీటి మడుగు చెంత, చెట్టు మొదట వీపు ఆనించి, వెన్నెల రాత్రి కదలక మెదలక కూర్చోవడం ఆయనకు ప్రియమైన పని. మంచె మీద కంటె నేలపైనే అడవి బాగా వినిపిస్తుందని ఆయన అనుభవం. దోమ కుట్టినా చేయి ఎత్తరాదు, దగ్గు వచ్చినా ఆపుకోవాలి. ఆ ఓర్పుకు ప్రతిఫలంగా ముళ్లపంది మొదలు అడవిదున్న వరకు ఒక్కొక్కటే నీటికి దిగే దృశ్యం ఆయనకు కనిపించేది.

ఈ విద్య ఆయనకు ఏ కళాశాలలోను రాలేదు. చిన్నారు నది ఒడ్డున ముత్తూరు వద్ద నివసించిన బైరా అనే పూజారి తెగ అడవిబిడ్డడు, పెన్నాగరం ప్రాంతపు రంగా వంటివారు ఆయనకు గురువులు. బైరా ఏటి గట్టున తవ్విన గుంతలో ఆలుబిడ్డలతో కాపురముండేవాడు. అక్షరం ముక్క రానివాడు. బ్రిటిషు పాలనలో తెల్లజాతివాడు ఒకడు గోచి కట్టిన కొండవాసిని మిత్రునిగా భావించడం, అతని వద్ద నేర్చుకున్నానని గ్రంథస్థం చేయడం అరుదైన సంగతి. ఆండర్సన్‌కు కన్నడ, తమిళ భాషలు బాగా వచ్చు. దుబాసీ అవసరం లేకుండా రచ్చబండ మీద కూర్చొని, ఊరివారి కష్టం వారి మాటల్లోనే వినేవారు.

సరిహద్దు పల్లెల్లో మృత్యుచ్ఛాయ

డెంకణికోట, తళి ప్రాంతాల పెద్దలకు గుమ్మళాపురం పేరు తెలిసినదే. అక్కడ ఒక చిరుత మనిషి మాంసం మరిగింది. ఆండర్సన్ వ్రాసిన ప్రకారం సుమారు 250 చదరపు మైళ్ల ప్రాంతంలో అది 42 మందిని బలిగొన్నది. పొద్దు వాలకముందే తలుపులకు గడియలు పడేవి. గడపల ముందు ముళ్లకంపలు పేర్చేవారు. కాలకృత్యాలకు సైతం బయటకు రావడానికి జనం వణికేవారు. ఆ ఊరిలో రాత్రి కాపలా కూర్చున్న ఆండర్సన్‌ను కాపాడినది ఒక ఊరకుక్క. చిరుత రాకను అది ముందుగా పసిగట్టి చెప్పకపోతే ఆయన కథ అక్కడే ముగిసి ఉండేది. ఆ కుక్కను ఆయన వెంట తీసుకువెళ్లి పెంచుకున్నారు.

చిరుత చనిపోయిన తరువాత ఆయన దాని పాదం పరీక్షించారు. ముళ్లపంది ముళ్లు అందులో గుచ్చుకొని, విరిగి, లోపలే ఉండిపోయి ఉన్నాయి. నడవలేని, దుప్పిని తరుమలేని ఆ మృగం ఆకలికి తాళలేక, పరుగెత్తలేని, కొమ్ములు లేని, గోళ్లు లేని మనిషిని ఎన్నుకొన్నది. రాక్షసి అని ఊరంతా అనుకున్న జంతువు నిజానికి కుంటిది, ఆకలిగొన్నది.

ఆయన కథల్లో ఈ సూత్రం పదే పదే కనిపిస్తుంది. పుట్టుకతో ఏ పులీ మనిషిని తినదు. ముళ్లపంది ముల్లు కొంత కారణమైతే, గురి తప్పిన మనిషి తూటా అంతకు మించిన కారణం. పంట కాపలా పేరుతోనో, సరదా పేరుతోనో నాటు తుపాకి పేల్చి, గాయపడిన మృగాన్ని వెదకక ఇంటికి పోయినవాడు పదిమంది చావుకు బాధ్యుడవుతాడు. ఆ సంగతి అతనికి ఎన్నటికీ తెలియకపోవచ్చు.

జవళగిరి ఆడపులి కథ మరింత హృదయ విదారకం. దాని జతపులిని మనుషులు కాల్చి చంపారు. ఆ పిమ్మట అది మనుషులపై తిరగబడి ప్రాణాలు తీయసాగింది. ఎన్ని ఎరలకూ చిక్కని ఆ పులిని ఆండర్సన్ చివరకు మగపులి గొంతును అనుకరించి పిలిచారు. జత కోసం తహతహలాడుతూ వచ్చిన పులి తూటాకు గురైంది. పల్లెలు ఊపిరి పీల్చుకున్నాయి. కాని ఆ గెలుపు ఆయనకు ఆనందం ఇవ్వలేదు. నమ్మించి చంపానన్న భావం ఆ కథ ముగింపులో దాగదు. ఊరిని కాపాడడం ధర్మమే. కాని ఆ ధర్మానికి చెల్లించిన మూల్యం కూడా ఉంది. ఈ రెంటినీ దాచకుండా చెప్పడమే ఆండర్సన్ గొప్పతనం.

శేషాచలం కొండల్లో భాకరాపేట, నాగపట్ల, పులిబోను పరిసరాల్లోని చామల లోయ, తిరుపతికి సమీపాన మామండూరు, నల్లమలలో నంద్యాల – గిద్దలూరు రైలుమార్గం మీది దిగువమెట్ట, పెద్దచెరువు మొదలైనవన్నీ ఆయన పాదాలు తగిలిన తెలుగు అడవులు. డెంకణికోట సమీపంలోని శివనిపల్లె నల్ల చిరుత పేరున ఒక పుస్తకమే వెలువడింది. నల్ల చిరుత వేరొక జాతి కాదు. వర్ణకంలోని తేడా వలన నల్లగా పుట్టిన మామూలు చిరుతే. ఎండలో పరిశీలిస్తే ఆ నలుపులోనూ మచ్చలు కనిపిస్తాయి.

1939 నుండి 1966 వరకు మనుషులను తినే 7 పులులను, 8 చిరుతలను ఆయన హతమార్చినట్లు అధికారిక లెక్క.

ఇంటిలో పెరిగిన ఎలుగు

ఆండర్సన్ ఇంటిలోని ఎలుగుబంటి కథ మన పిల్లలకు కొంత తెలుసు. జాతీయ విద్యా పరిశోధన మండలి వారి తొమ్మిదవ తరగతి ఆంగ్ల వాచకంలో చాలా ఏళ్లు అది పాఠంగా ఉండేది. మైసూరు సమీపాన చెరకు తోటల వద్ద తల్లి ఎలుగు తూటాకు కూలగా, దాని వీపు మీది కూనను ఆయన పట్టి తెచ్చి భార్యకు కానుకగా ఇచ్చారు. అది ఇంటిల్లిపాదికీ ప్రీతిపాత్రమైంది. అన్నం, కూర, పండ్లు, గుడ్లు, మిఠాయి, ఏది పెట్టినా తినేది. ఒకనాడు ఎలుకల మందు తిని కాళ్లు చేతులు పడిపోగా, పశువైద్యుని సూదిమందుతో బ్రతికి బయటపడింది. మరొకనాడు మోటారు బండి పాత నూనె త్రాగినా దానికేమీ కాలేదు.

పెరిగి పెద్దదైన తరువాత ఇంటిలో ఉంచడం ప్రమాదమని మైసూరు జంతుశాలకు పంపారు. అక్కడ అది తిండి మానింది. ఇక్కడ గృహిణి కంటికి కునుకు లేదు. మూడు నెలల తరువాత ఆమె చూడబోగా, దూరం నుండే గుర్తుపట్టి ఆనందంతో గోల చేసింది. చివరకు అధికారులు మెత్తబడి తిరిగి ఇచ్చారు. దాని కోసం ఇంటి ఆవరణలో చుట్టూ లోతైన కందకం తవ్వి, నడుమ చిన్న దిబ్బ వంటి నివాసం ఏర్పాటు చేశారు.

మనసును కదిలించే కథే. అయినా దీనికి మరొక ముఖం కూడా ఉంది. ఎంత ప్రేమగా పెంచినా ఆ కూన అడవికి పోగల శక్తిని కోల్పోయింది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన తరువాత ఎలుగును ఇంటిలో పెంచడం శిక్షార్హమైన నేరం. ముక్కుకు త్రాడు వేసి ఊరూరా ఆడించిన ఎలుగులను విడిపించి తెచ్చి, ప్రశాంతంగా బ్రతకనిచ్చే కేంద్రం 2005 నుండి బన్నేరుఘట్టలో నడుస్తున్నది. అడవి జంతువును ప్రేమించడమంటే దానిని ఇంటికి తెచ్చుకోవడం కాదని ఆండర్సన్ తరం ఆలస్యంగా తెలుసుకొన్నది. మన తరం ముందుగానే తెలుసుకొనవచ్చు.

తుపాకి నుండి కెమెరా వైపు

1947లో స్వాతంత్ర్యం వచ్చినపుడు ఎందరో ఐరోపా సంతతివారు దేశం విడిచిపోయారు. ఉత్తరాదిన ప్రసిద్ధుడైన జిమ్ కార్బెట్ సైతం కెన్యాకు తరలిపోయి 1955లో అక్కడే మరణించారు. ఆండర్సన్ మాత్రం కదలలేదు. ఆరు తరాల మట్టిని వదలి పోవలసిన పని ఆయనకు కనిపించలేదు. కుమారుడు డోనాల్డ్ సైతం బెంగళూరులోనే జీవించి 2014లో మరణించారు.

ఆండర్సన్ తొలి పుస్తకం 1954లో వెలువడింది. తొమ్మిది నరభక్షకాలు, ఒక మదించిన ఏనుగు గురించిన కథలవి. తరువాత వరుసగా మరి కొన్ని వచ్చాయి. చివరిదైన 'జంగిల్స్ లాంగ్ ఎగో' ఆయన మరణానంతరం 1976లో అచ్చయింది. వయసు పెరిగిన కొలదీ ఆయన రచనల్లో తుపాకి మోత తగ్గి, అడవి సవ్వడి హెచ్చింది. జీపు దీపాల వెలుగులో కళ్లు చెదిరి నిలిచిపోయిన జింకలను కాల్చే దొంగ వేటగాళ్లను ఆయన తీవ్రంగా నిరసించారు. తానూ తుపాకి దించి కెమెరా పట్టారు. తన యౌవనంలో పులి పిలుపులతో మారుమ్రోగిన లోయలు మూగబోవడాన్ని కళ్లారా చూసిన మనిషి ఆవేదన ఆ మార్పులో ఉంది. ఆ లోయలను మూగవి చేసిన తుపాకుల్లో తనదీ ఒకటని గ్రహించిన నిజాయితీ కూడా ఉంది.

కన్నడ రచయిత పూర్ణచంద్ర తేజస్వి ఆయన కథలను 'కాడిన కథెగళు' పేరుతో నాలుగు భాగాలుగా కన్నడ పాఠకులకు అందించారు. వాటిలో ఒక భాగానికి మన పెద్దచెరువు పేరు, మరొక భాగానికి జాలహళ్లి పేరు పెట్టడం విశేషం. సరిహద్దు గ్రామాల్లో కన్నడం చదవగలిగిన పిల్లలకు అవి చక్కని కానుకలు.

ఒకే ఏట రెండు సంఘటనలు

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్ 1న పులుల సంరక్షణ పథకం తొమ్మిది అభయారణ్యాలతో ప్రారంభమైంది. వాటిలో దక్షిణాదిది బందీపూరు ఒక్కటే. 1974 ఆగస్టు 30న క్యాన్సరు వ్యాధితో ఆండర్సన్ బెంగళూరులో కన్నుమూశారు. అప్పటికి ఆయన వయస్సు 64 సంవత్సరాలు. బెంగళూరుకు సుమారు 22 కిలోమీటర్ల దూరాన ఉన్న బన్నేరుఘట్ట అడవి జాతీయ ఉద్యానవనంగా గుర్తింపు పొందినది కూడా ఆ 1974 లోనే. వేటగాళ్ల యుగం ముగిసి, చూసేవారి యుగం మొదలైన సంధి సంవత్సరమది.

ఆయన తిరిగిన ఇతర అడవులకూ కాలక్రమంలో రక్షణ లభించింది. నల్లమలలోని నాగార్జునసాగర్ – శ్రీశైలం ప్రాంతం 1983లో పులుల సంరక్షణ పథకంలో చేరింది. శేషాచలం అడవులు 1989లో శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనమయ్యాయి. జవళగిరి, అంచెట్టి అడవులు 2014లో కావేరి ఉత్తర అభయారణ్యంలో భాగమయ్యాయి.

చూడబోయే వారికి

సరిహద్దు గ్రామాల నుండి పిల్లలతో బెంగళూరు వెళ్లే కుటుంబాలు బన్నేరుఘట్టను చూడడం పరిపాటి. అచటి జీవ ఉద్యానవనానికి మంగళవారం సెలవు. విశాలమైన ఆవరణల్లో విడిచిన పులులు, సింహాలు, ఎలుగులు, దుప్పులను రక్షణ గల వాహనంలో కూర్చొని చూడవచ్చు. 2006లో ఏర్పడిన సీతాకోకచిలుకల వనం పిల్లలకు ప్రత్యేక ఆకర్షణ. అయితే ఆ కంచెకు ఆవల ఉన్నదే అసలు అడవి. బన్నేరుఘట్ట నుండి ఆనేకల్లు, తళి, జవళగిరి మీదుగా కావేరి లోయ వరకు సాగే ఏనుగుల దారి అది. ఏటా అక్టోబరు, నవంబరు నెలల్లో, రాగి పంట చేతికివచ్చే వేళ, మందలు ఆ దారినే హోసూరు వైపు నడుస్తాయి.

అక్కడకు వెళ్లినవారు ఆండర్సన్ పాఠాలను ఆచరిస్తే యాత్ర సార్థకమవుతుంది. కేకలు వేయరాదు, జంతువులకు తినుబండారాలు విసరరాదు, ప్లాస్టిక్ సంచులు వదలరాదు, వాహనం దిగరాదు. పులి కనబడలేదని నిరుత్సాహపడి రావడం కంటె, కొండముచ్చు అరుపుకు చెవి ఒగ్గి, ఏటి ఇసుకలో జాడలు చూసి, అడవికోడి కూత విని రావడం మేలు. పులి కనిపించని రోజున కూడా అడవి ఉత్త చేతులతో పంపదు.

బ్రతుకు ప్రశ్న

పర్యాటకునికి అడవి ఒకనాటి వినోదం. సరిహద్దు రైతుకు అది అనుదిన జీవన్మరణ సమస్య. 1980 దశకంలో హోసూరు వైపు నుండి ఏనుగులు కుప్పం, పలమనేరు అడవుల్లోకి వచ్చి స్థిరపడ్డాయి. వాటి కోసం 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. నాటి నుండి నేటి వరకు చెరకు, అరటి, రాగి, టమాటా పైరులు ఎన్ని నలిగాయో, ఎందరు కాపలాకు పోయి తిరిగి రాలేదో ఆ పల్లెలకు తెలుసు. కరెంటు తీగలకు తగిలి ఏనుగులూ మరణించాయి. మందలను అదుపు చేయడానికి 2025 మే నెలలో కర్ణాటక ప్రభుత్వం శిక్షణ పొందిన కుంకీ ఏనుగులను బెంగళూరులో ఆంధ్రప్రదేశ్‌కు అప్పగించింది. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిన ఒక చిన్నారిని చిరుత పొట్టన పెట్టుకున్నపుడు, చామల లోయ కథలు పాతబడలేదని తెలిసివచ్చింది.

ఇటువంటి వేళ ఊరివారి కోపం న్యాయమైనదే. పోయిన ప్రాణానికి నష్టపరిహారం సాటి రాదు. అయితే ఆ కోపంతో నాటు తుపాకి పేలిస్తే, కంచెకు దొంగ కరెంటు పెడితే ఏమవుతుందో గుమ్మళాపురం చిరుత పాదం చెబుతుంది. గాయపడి తప్పించుకున్న మృగం మరుసటి ఊరిలో మరొకరి బిడ్డపై పడుతుంది. కరెంటు తీగ ఏనుగునూ చంపుతుంది, తెల్లవారి గడ్డికి పోయిన ఇంటి ఇల్లాలినీ చంపుతుంది. మంద జాడ తెలిసిన వెంటనే అటవీ సిబ్బందికి తెలపడం, గుంపుగా కాపలా ఉండడం, చీకటి పడ్డాక పిల్లలను ఒంటరిగా బయటకు పంపకపోవడం, ఏనుగుల దారిలో కొత్త కట్టడాలు రాకుండా గ్రామసభల్లో పట్టుబట్టడం నిదానమైన మార్గాలే. కాని ఆ నష్టాన్ని తగ్గించగలిగినవి అవే.

ఆండర్సన్ తుపాకి పట్టినది ఊరి కోసం, దించినది అడవి కోసం. ఆ రెండు పనుల మధ్య ఆయనకు విరోధం కనిపించలేదు. పల్లె క్షేమం, పులి క్షేమం ఒకే త్రాటికి రెండు కొసలని ఒక జీవితకాలం అడవిలో తిరిగి ఆయన తెలుసుకొన్నారు. బొల్లారంలో పుట్టిన ఆ బెంగళూరు వాసి నడిచిన దారులు నేటికీ మన పొలాల గట్ల ప్రక్కనే ఉన్నాయి. ఆ దారుల్లో ఏనుగు తన పనిమీద తాను పోయే రోజు, రైతు తన మంచె మీద నిర్భయంగా కునుకు తీసే రోజు వచ్చినపుడే ఆయన పాఠం మనకు ఒంటబట్టినట్లు.